మన ఊళ్లను ఏ ఫోన్ కంపెనీ ప్రకటన గెలిచింది? టీవీలో వచ్చిందా, గోడ మీదిదా, షాపు కౌంటర్ మీదిదా?

క్లాక్‌టవర్ కామర్స్ (నల్లగొండ)

డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్తాను. ప్రకటనల పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకంలో ఉదాహరణలు ముంబై, ఢిల్లీవే ఉంటాయి. మన జిల్లాల్లో ఇరవై ఏళ్లకు పైగా సాగిన మొబైల్ కంపెనీల పోటీ గురించి ఎవరూ రాయలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ముందు నా లెక్క చెప్తాను. ఈ కంపెనీలన్నీ అమ్మింది ఒకటే సరుకు, సిగ్నల్. కానీ ఒక్కొక్కరు దాన్ని ఒక్కో పేరుతో అమ్మారు. హచ్ 2003లో పిల్లాడి వెంట నడిచే పగ్ కుక్కను చూపించి తోడు అమ్మింది. ఎయిర్‌టెల్ రెహమాన్ ట్యూన్‌తో అనుబంధం అమ్మింది. ఐడియా అభిషేక్ బచ్చన్‌ను పెట్టి సమాజానికి పనికొచ్చే ఆలోచన అమ్మింది. ఊళ్లో కులం గొడవలు ఆపడానికి మనుషులను పేర్లతో కాకుండా మొబైల్ నంబర్లతో పిలుచుకునే ప్రకటన గుర్తుందా? రిలయన్స్ 2003 వానాకాలంలో 501 రూపాయలకే ఫోన్ చేతిలో పెడతామంది. టాటా డొకోమో 2009లో సెకనుకు ఒక పైసా అంది. జియో 2016లో ఏకంగా ఉచితం అంది.

అంటే మొదటి మూడు కంపెనీలు మనసుతో మాట్లాడాయి, తర్వాతి మూడు జేబుతో మాట్లాడాయి. మన దగ్గర జేబుతో మాట్లాడినవే గెలిచాయని నేను అనుకుంటున్నా. మీరేమంటారు? నిజంగా సిమ్ మార్చింది ఏ ప్రకటన చూసి?

దేవరకొండ రీచార్జ్

సార్, నాది మొబైల్ షాపు, మస్తు ఏళ్ల నుంచి ఇదే పని. టీవీలో కుక్కను చూసి "ఆ కుక్క సిమ్ ఇవ్వు" అని అడిగిన పిల్లలు ఉన్నారు, అబద్ధం చెప్పను. కానీ పైసలు పెట్టే పెద్దమనిషి కౌంటర్ ముందు నిలబడి అడిగేవి రెండే మాటలు. "మా ఊళ్లో ఏది వస్తది? ఏది తక్కువ పడ్తది?" ఇంకేం లేదు.

అసలు ప్రకటన మా నోట్లో ఉండేది. కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. అందుకే డిస్ట్రిబ్యూటర్ మనిషి వారం వారం వచ్చి షాపు ముందు డ్యాంగ్లర్లు (కంపెనీ పేరున్న అట్టముక్కలు) వేలాడదీసి, బోర్డు మార్చి, కొత్త సిమ్ యాక్టివేషన్‌కు ఎంత, నెలలో ఇన్ని చేస్తే ఎంత అని కమిషన్ స్లాబులు చెప్పి పోయేవాడు. టీవీ ప్రకటన జనానికి పేరు గుర్తుండేలా చేస్తది. చేతిలో సిమ్ పడేది మాత్రం మా మాట మీద. చందంపేట, డిండి వైపు నుంచి వచ్చే వాళ్లకు ఏ తండాలో ఏ సిగ్నల్ ఉందో నాకు తెలుసు కాబట్టి నేను అది చూసే ఇచ్చేవాణ్ని. ఎందుకంటే సిగ్నల్ లేని సిమ్ అంటగడితే మర్నాడు వాళ్లు కంపెనీని తిట్టరు, నన్నే తిడతారు.

గద్వాల కోట

సార్ లెక్కతో నేను ఒప్పుకోను. మనసు గెలవకుండా జేబు దగ్గరికి ఎవరూ రారు. ఎయిర్‌టెల్ ట్యూన్ మా కాలేజీలో అందరి ఫోన్లలో మోగేది, వేరే కంపెనీ సిమ్ ఉన్నవాళ్ల ఫోన్లలో కూడా. పోటీ కంపెనీ కస్టమర్ తన జేబులో నీ ప్రకటన మోగించుకుంటూ తిరగడం కంటే పెద్ద గెలుపు ఏముంటుంది? 2010లో లోగో మార్చినప్పుడు కూడా మళ్లీ రెహమాన్‌తోనే కొత్త ట్యూన్ చేయించుకున్నారు. ఊరికే చేయించరు కదా.

హచ్ తర్వాత వోడాఫోన్ అయింది కదా, దాని జూజూలు చూడండి. 2009 ఐపీఎల్ దక్షిణాఫ్రికాలో జరిగింది, మన డెక్కన్ చార్జర్స్ కప్పు కొట్టింది. ఆ మ్యాచ్‌ల మధ్య రోజుకో కొత్త జూజూ. అందరూ అది కంప్యూటర్ బొమ్మ అనుకున్నారు, లోపల ఉన్నది తెల్ల డ్రెస్సు వేసుకున్న మనుషులు. ఇంకో గొప్ప విషయం, వాటికి భాష లేదు. డబ్బింగ్ తెలుగులో పెదాలు ఒకలా, మాట ఒకలా ఉండే ప్రకటనల మధ్య మా నాయనమ్మ కూడా పూర్తిగా అర్థం చేసుకుని నవ్విన ప్రకటన అదొక్కటే.

గోడ మీద రంగు (కల్వకుర్తి)

మీరంతా టీవీ, షాపు అంటున్నారు. నేను గోడల సంగతి చెప్తా. నేను కంపెనీల గోడ రాతలు రాసినవాణ్ని. కల్వకుర్తి నుంచి అచ్చంపేట, ఇటు నాగర్‌కర్నూల్, వనపర్తి దాకా రోడ్డు పక్క ఇళ్లు ఎరుపు, పసుపు, నీలం అయిపోయిన రోజులు మీకు యాదుంటాయి.

గోడ ఎంచుకోవడంలోనే సగం పని. బస్సు మలుపులో స్లో అయ్యే చోట ఉన్న గోడ కావాలి. సూటిగా పోయే రోడ్డు మీద గోడ ఎంత పెద్దదైనా కంపెనీ వాళ్లు వద్దనేవాళ్లు. బోరింగు ఎదురుగా, పాలకేంద్రం పక్కన, కిరాణం షాపు ముందర అయితే మంచిది, ఎందుకంటే అక్కడ మనిషి నిలబడతాడు. పైసలు అడుగుల లెక్కన. ఇంటాయనకు చాలాసార్లు పైసలు ఉండేవి కావు, గోడకు ఉట్టిగా రంగు పడుతుందని ఒప్పుకునేవాడు. పండగ ముందయితే వాళ్లే పిలిచి అడిగేవాళ్లు. ముందు పాత రాత మీద తెల్ల సున్నం రెండు పూతలు, ఆరాక కంపెనీ రంగు, ఆ పైన స్టెన్సిల్‌తో పేరు. ఎరుపు మన ఎండకు రెండు వేసవులకే వెలిసిపోయేది. పసుపు మీద నల్ల అక్షరాలు మాత్రం పొద్దుగూకిన తర్వాత కూడా కనపడేవి.

కంపెనీల తేడా నాకు రాతలోనే తెలిసేది. కొందరు ఒక్క పేరే రాయమనేవాళ్లు, కొందరు పేరు చిన్నగా, రేటు పెద్దగా రాయమనేవాళ్లు. రేటు రాసిన గోడ దగ్గర మనుషులు ఆగి చదువుతారు. నేను నిచ్చెన మీద ఉండగానే కింద నిలబడి "ఇది నిజమేనా అన్నా, ఎన్ని రోజులకు?" అని అడిగేవాళ్లు. పేరు ఒక్కటే రాస్తే ఎవరూ అడగరు. అందుకే నా ఓటు సార్ లెక్కకే.

ఇంకో మాట. పోటీ కంపెనీ వాళ్లు రాత్రికి రాత్రి మా గోడ మీద వాళ్ల రంగు కొట్టిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

దేవరకొండ రీచార్జ్

గోడ అన్న చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. రేటు మారితే మాత్రం షాపులో మాకు చుక్కలే. గోడ మీద పాత రేటు అట్లనే ఉంటది, జనం దాన్ని చూసి వచ్చి మమ్మల్ని నిలదీస్తరు.

పాలమూరు టు పన్వేల్

నేను కట్టడం పని మేస్త్రీని. మాది నారాయణపేట వైపు. ఈ చర్చలో ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది, రోమింగ్.

పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. ఎక్కడ కాలువ, ఎక్కడ బిల్డింగు, ఎక్కడ రోడ్డు పడితే అక్కడికి పోయేవాళ్లం. ఊళ్లో ముసలోళ్లు, పిల్లలు. మన సిమ్ పట్టుకుని మహారాష్ట్రలో దిగితే అవతలివాళ్లు చేసిన ఫోన్ ఎత్తినా పైసలు కట్ అయ్యేవి. అందుకే మిస్డ్ కాల్ భాష పుట్టింది. ఒక రింగు అంటే చేరుకున్నాం. రెండు రింగులంటే పైసలు పంపినం. ఆగకుండా మోగితేనే ఎత్తాలి, అంటే ఏదో జరిగినట్టు. అమ్మ గొంతు వినాలంటే అక్కడ లోకల్ సిమ్ కొనాలి, ఆ నంబరు ఊళ్లో అందరికీ మళ్లీ చెప్పాలి, పని అయిపోగానే ఆ సిమ్ పడేయాలి.

ఆ రోజుల్లో టీవీ ప్రకటనల్లో తల్లీకొడుకులు ఫోన్లో మాట్లాడుకుంటుంటే చూడ్డానికి బాగుండేది. కానీ కొడుకు ఎప్పుడూ ఆఫీసులో ఉండేవాడు, సైట్ మీద ఉండేవాడు కాదు. మా కోసం చేసిన ప్రకటన ఒక్కటి కూడా నాకు గుర్తు లేదు. రోమింగ్ లేదని తెలిసిన రోజు నేను ఏ హీరోను, ఏ పాటను చూడలేదు. సైట్‌లో పక్క మేస్త్రీ చెప్తే వెళ్లి సిమ్ తెచ్చుకున్నా.

క్లాక్‌టవర్ కామర్స్

మేస్త్రీ గారూ, మీరు చెప్పింది నేను క్లాసులో తప్పకుండా చెప్తాను.

దీనికి ఒక చరిత్ర ఉంది. రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఉచితం చేసింది మొదట జియో అని చాలామంది అనుకుంటారు. కాదు. బీఎస్ఎన్ఎల్ 2015 జూన్ 15 నుంచే దేశమంతా రోమింగ్‌లో ఇన్‌కమింగ్ ఉచితం చేసింది. వలస కార్మికులు ఇంతమంది ఉన్న పాలమూరు లాంటి జిల్లాకు అది పెద్ద వార్త. రైల్వే స్టేషన్లో, ముంబై బస్సులు ఆగే చోట, లేబర్ అడ్డాల దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టి ఉంటే చాలు. అలాంటిదేదీ నాకైతే ఇక్కడ కనపడలేదు. అదే 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చేటప్పుడు "రోమింగ్ చార్జీలు లేవు" అన్న మాటను ముందు వరుసలో పెట్టి చెప్పింది. ఎయిర్‌టెల్ 2017 ఏప్రిల్ నుంచి దేశంలో రోమింగ్ చార్జీలు తీసేసింది. పేరు మాత్రం గట్టిగా చెప్పినవాడికే దక్కింది. ప్రభుత్వ సంస్థ మంచి పని చేసి కూడా చెప్పుకోలేకపోయిందన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

రైస్‌మిల్లు వీధి (మిర్యాలగూడ)

ఇంట్లో ఫోన్ల ఖర్చు చూసుకునేది నేనే కాబట్టి నాలుగు మాటలు రాస్తాను.

డొకోమో ప్రకటన ఎందుకు పనిచేసిందో నాకు బాగా తెలుసు. అప్పటిదాకా పది సెకన్లు మాట్లాడినా నిమిషం డబ్బులు పోయేవి. "వచ్చావా? సరే" అని పెట్టేసినా నిమిషమే. డొకోమో సెకనుకు పైసా అనగానే పది సెకన్లకు పది పైసలని ప్రతి ఆడమనిషీ నోటితోనే లెక్క కట్టుకుంది. చిత్రమేమిటంటే నిమిషం పూర్తిగా మాట్లాడితే 60 పైసలు, అదేమంత చవక కాదు. అయినా న్యాయంగా అనిపించింది. వాడినంతకే కట్టాలి అన్నది మనకు కిరాణం కొట్లో అలవాటే కదా. కొన్ని నెలల్లోనే మిగతా కంపెనీలన్నీ సెకను బిల్లింగుకు దిగొచ్చాయి. రామ్‌చరణ్ ఆ కంపెనీ ప్రకటనల్లో ఉన్నాడు, పిల్లలకు ఆయన మీద ఇష్టం, నాకు ఆ పైసా మీద ఇష్టం.

ఇప్పుడు ఆ లెక్క ఎక్కడ పోయింది? 28 రోజుల ప్లాను అంటారు. నెల అనే భ్రమలో రీచార్జ్ చేయిస్తారు. జీతం నెలకొకసారి, కరెంటు బిల్లు నెలకొకసారి, పాల లెక్క నెలకొకసారి. ఫోను మాత్రం 28 రోజులకు. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు. మా ఇంట్లో నాలుగు ఫోన్లు. ఆ పదమూడోది నాలుగు సార్లు కలిపి చూడండి. ప్రకటనలో రోజుకు ఒకటిన్నర జీబీ అని పెద్ద అక్షరాలు, 28 రోజులన్నది ఎక్కడో మూలకు. డొకోమో లెక్క మన చేతిలో పెట్టింది. ఇప్పటి ప్రకటన లెక్క మన కంట పడకుండా చూస్తోంది. నాకు కోపం అక్కడే.

జడ్చర్ల జంక్షన్

అక్కా, మీ పోస్టు చదివి లేచి నిలబడ్డా. నేను హైదరాబాద్‌లో డిజిటల్ మార్కెటింగ్ పని చేస్తాను, లోపలి పద్ధతి కొంచెం చెప్తా.

జియో వచ్చినప్పుడు జరిగింది ప్రకటన కాదు, అలవాటు చేయడం. 2016 సెప్టెంబర్ 2న పేపర్ల మొదటి పేజీ నిండా ప్రధాని ఫొటోతో ప్రకటన వచ్చింది. 5న సేవలు మొదలయ్యాయి. డిసెంబర్ 31 దాకా అన్నీ ఉచితం, తర్వాత హ్యాపీ న్యూ ఇయర్ పేరుతో 2017 మార్చి 31 దాకా ఉచితం. ఆ తర్వాత 99 రూపాయలు కట్టి ప్రైమ్ సభ్యులవ్వండి అన్నారు. అంత కాలం యూట్యూబ్‌లో సినిమా చూసిన మనిషి మళ్లీ పాత ఒక జీబీ ప్యాకుకు పోలేడు. వేలిముద్ర పెడితే సిమ్ ఆన్ అయిపోయేది కాబట్టి ఆలోచించుకునే టైమ్ కూడా ఉండేది కాదు. మహబూబ్‌నగర్‌లో ఆ స్టోర్ల ముందు పోరలు పొద్దున్నే వచ్చి లైన్లు కట్టడం నేను చూశా.

కాల్స్ ఎప్పటికీ ఉచితం అన్న మాట కూడా గుర్తుంచుకోండి. 2019 అక్టోబర్‌లో వేరే నెట్‌వర్క్‌కు చేసే కాల్స్ మీద నిమిషానికి 6 పైసలు వేశారు. ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి కాల్ పోతే కట్టాల్సిన ఇంటర్‌కనెక్ట్ చార్జీ అది, దాన్ని కస్టమర్ మీద పెట్టారు. 2021 జనవరి 1న ఆ చార్జీ పోయాక మళ్లీ తీసేశారు. కారణం ఏదైనా కావచ్చు, ప్రకటనలో చెప్పిన "ఎప్పటికీ" మాత్రం మూడేళ్లకే ఆగింది.

ఇప్పుడు అసలు ఆట మీకు కనపడే ప్రకటనల్లో లేదు. యాప్ తెరవగానే "మీ కోసం మాత్రమే" అని వచ్చే ఆఫర్, గడువు అయిపోయే ముందు రోజు నుంచి వచ్చే మెసేజీలు, లిస్టులో ఏ ప్లాను పైన పెట్టాలి, ఏది కిందకు తోయాలి అన్న నిర్ణయం, అవే ఇప్పటి ప్రకటన. గోడ మీద రాసింది ఊరంతా ఒకేలా చదివేది, చదివి ఒకరితో ఒకరు మాట్లాడుకునేది. ఫోన్లో వచ్చేది ఎవరికి వారికే. పక్కింటివాళ్లకు ఏ రేటు చూపించారో మనకు తెలియదు.

గోడ మీద రంగు

తమ్ముడు చివర్లో రాసింది నాకు గుచ్చుకుంది. గోడ రాత తప్పయితే ఊరు ఊరంతా అడిగేది.

అమ్రాబాద్ గుట్ట

మీ అందరికీ సిగ్నల్ ఉంది కాబట్టి ప్రకటనల గురించి మాట్లాడుకుంటున్నారు. కోపంతో రాయడం లేదు, బాధతో రాస్తున్నా.

మన్ననూరు దాటి నల్లమల లోపలికి పోతే, శ్రీశైలం రోడ్డు మీద ఎక్కడెక్కడ సిగ్నల్ పోతుందో బస్సు డ్రైవర్లకు నోటికి వచ్చు. లోపలి చెంచు పెంటల (చెంచుల చిన్న గూడేల) సంగతి చెప్పనే అక్కర్లేదు. టైగర్ రిజర్వు కాబట్టి టవరు పెట్టాలంటే అటవీ అనుమతులు కావాలి, కరెంటు కావాలి, డీజిల్ మోయాలి. కంపెనీకి అక్కడ ఎంతమంది రీచార్జ్ చేస్తారు? లెక్క చూసుకుని ఊరుకుంటారు. నేను వాళ్ల లెక్కను కాదనడం లేదు. "దేశంలో ప్రతి మూలకూ మేమున్నాం" అన్న ధోరణిలో ప్రకటన వేసేటప్పుడు ఈ మూల గుర్తు రాదా అని అడుగుతున్నా. ఇంట్లో నొప్పులు మొదలైతే మనిషి బండి వేసుకుని సిగ్నల్ ఉన్న గుట్ట దాకా వచ్చి 108కి ఫోన్ చేయాలి. అక్కడ పగ్ కుక్కా లేదు, జూజూ లేదు.

ఇలాంటి సిగ్నల్ లేని ఊళ్ల కోసమే 2022లో కేంద్ర ప్రభుత్వం 24,680 గ్రామాలకు 4జీ ఇచ్చే పథకానికి ఆమోదం తెలిపింది, ఖర్చు 26,316 కోట్లు, పని బీఎస్ఎన్ఎల్‌ది. నా దృష్టిలో ఒక టవరు లేచి దీపం వెలిగితే అదే ప్రకటన. దానికి హీరో అక్కర్లేదు.

గద్వాల కోట

అన్నా, మీ మాటకు ఎదురు చెప్పను. కానీ ఒక్కటి అడుగుతా. టవరు ఉన్నచోట మూడు కంపెనీల సిగ్నల్ దాదాపు ఒకేలా ఉంటుంది, రేటు కూడా కొంచెమే అటూ ఇటూ. అప్పుడు మనిషి ఒకదాన్ని ఎందుకు ఎంచుకుంటాడు? ఆ నమ్మకం ఎక్కడిది? చిన్నప్పటి నుంచి చూసిన ప్రకటనలదే కదా. మనసు సంగతి కొట్టిపారేయకండి.

దేవరకొండ రీచార్జ్

నమ్మకం కంటే నంబరు తమ్ముడూ. బ్యాంకుకు అదే నంబరు, ఆధార్‌కు అదే, గ్యాస్‌కు అదే. 2011 జనవరి 20 నుంచి నంబరు మారకుండానే కంపెనీ మార్చుకునే పోర్ట్ వచ్చింది, మొదలుపెట్టడానికి 1900కు మెసేజ్ కొడితే చాలు. అయినా చాలామంది భయపడతారు, మధ్యలో ఫోన్ పని చేయకపోతే ఓటీపీలు ఎట్లా అని.

2024 జూలై సంగతి చెప్తా. మూడు ప్రైవేటు కంపెనీలు ఒకరి వెనక ఒకరు రేట్లు పెంచాయి. జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే 239 ప్లాను 299 అయింది. ఆ నెల నా షాపుకు బీఎస్ఎన్ఎల్ పోర్ట్ కోసం వచ్చినంత మందిని ఎప్పుడూ చూడలేదు. ఆ కంపెనీ ఒక్క ఫ్లెక్సీ కట్టలేదు, ఒక్క డ్యాంగ్లర్ ఇవ్వలేదు. పోటీ కంపెనీలు పెంచిన రేటే దానికి ప్రకటన అయింది. అయితే వచ్చినవాళ్లలో కొంతమంది డేటా నెమ్మది అని మళ్లీ వెనక్కి పోయారు. ప్రకటన జనాన్ని తలుపు దాకానే తెస్తది, లోపల కూర్చోబెట్టేది సిగ్నలే. 2025 సెప్టెంబర్‌లో వాళ్ల స్వదేశీ 4జీ మొదలైంది, ఇప్పుడు అడిగేవాళ్లు మళ్లీ ఉన్నారు.

జడ్చర్ల జంక్షన్

ఇంకో తేడా గమనించారా? పది పన్నెండు కంపెనీలు ఉన్నప్పుడు ప్రకటనలో రేటు ముందు ఉండేది. డొకోమో, యూనినార్, ఎయిర్‌సెల్, అందరూ పోయారు. యూనినార్ టెలినార్‌గా మారి 2018లో ఎయిర్‌టెల్‌లో కలిసింది, అదే ఏడాది వోడాఫోన్, ఐడియా కలిసిపోయి 2020లో వీఐ అయ్యాయి. మిగిలింది మూడు ప్రైవేటు, ఒక ప్రభుత్వ సంస్థ. ఇప్పుడు ప్రకటనల్లో 5జీ, ఓటీటీ, స్పామ్ కాల్స్ ఆపడం, ఇవే. రేటు మాట ప్రైవేటు కంపెనీలు పెద్దగా ఎత్తవు. ఎందుకంటే ఆ మూడింటి రేట్లూ దగ్గర దగ్గరగానే ఉన్నాయి కాబట్టి అది చెప్పుకుంటే ఎవరికీ లాభం లేదు.

క్లాక్‌టవర్ కామర్స్

చర్చ మంచి చోటికి వచ్చింది. ఇక్కడ ప్రకటనల మీద కంపెనీలే ఒకదానితో ఒకటి కొట్లాడుకున్న సంగతులు చెప్పాలి. అబద్ధం ఎక్కడ దాక్కుంటుందో వాటిలో కనపడుతుంది.

2015లో ఎయిర్‌టెల్ 4జీ అమ్మాయి ప్రకటన గుర్తుందా? మీ నెట్‌వర్క్ మాకంటే వేగంగా ఉంటే జీవితాంతం బిల్లు ఉచితం అనే సవాలు. ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ దాన్ని తప్పుదారి పట్టించేదని చెప్పి మార్చమంది. 2017లో ఇంటర్నెట్ వేగం కొలిచే ఊక్లా సంస్థ లెక్కల ప్రకారం అత్యంత వేగమైన నెట్‌వర్క్ మాదే అని అదే కంపెనీ ప్రకటిస్తే, ఆ కొలత పద్ధతే సరికాదని జియో అభ్యంతరం చెప్పింది. 2018 ఐపీఎల్ అప్పుడు మ్యాచ్‌లు లైవ్‌గా, ఉచితంగా అని ఎయిర్‌టెల్ ప్రకటన వేసింది. జియో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. చందా మాత్రమే ఉచితం, డేటాకు డబ్బులు పడతాయన్న సంగతి పెద్ద అక్షరాల్లో చెప్పాలని కోర్టు ఆదేశించింది.

ఇలాంటి గొడవల్లో ఎక్కువగా కనపడేది ఒకటే పద్ధతి. పెద్ద అక్షరాల్లో వాగ్దానం, చిన్న అక్షరాల్లో షరతు. మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. వాగ్దానం తెలుగులో ఉంటుంది, షరతు ఇంగ్లీషులో ఉంటుంది. 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. వాగ్దానం ఏ భాషలో చేశారో షరతు కూడా ఆ భాషలోనే ఉండాలి, అక్షరాల తీరూ అదే ఉండాలి. ఒక్కసారి మీ ఊళ్లో ఫ్లెక్సీలు, పేపర్ ప్రకటనలు ఈ కంటితో చూడండి.

రైస్‌మిల్లు వీధి

సార్, మా అత్తమ్మ చేతిలో బటన్ల ఫోను ఉంది. ఆమెకు డేటాతో పనే లేదు. రోజుకు ఒకటిన్నర జీబీకి ఆమె ఎందుకు కట్టాలి? మాటలకు మాత్రమే ప్యాకు ఉందని ఎవరో అన్నారు. ఏ ప్రకటనలోనూ నేను చూడలేదు.

దేవరకొండ రీచార్జ్

ఉంది అక్కా. టెలికాం కంపెనీలను అదుపు చేసే ప్రభుత్వ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో గట్టిగా చెప్పింది, డేటా లేకుండా కాల్స్, మెసేజీలకు మాత్రమే ప్యాకులు పెట్టాల్సిందే అని. 2025 జనవరి నుంచి కంపెనీలు పెట్టాయి. 84 రోజులవి ఉన్నాయి, ఏడాది దాకా పోయేవీ ఉన్నాయి. కానీ వాటి గురించి మాకు కూడా ఒక్క కాగితం రాలేదు. యాప్‌లో చాలా కిందకు పోతే దొరుకుతాయి.

28 రోజుల గొడవకు కూడా దారి ఉంది. 2022 జనవరిలో వచ్చిన ట్రాయ్ ఆదేశం ప్రకారం ప్రతి కంపెనీ 30 రోజుల ప్లాను ఒకటి, ప్రతి నెలా అదే తారీఖున రీచార్జ్ చేసుకునేది ఒకటి పెట్టాలి. షాపులో అడగండి, "నెల ప్లాను, తారీఖు మారొద్దు" అనండి. అడిగితేనే చూపిస్తరు, అడక్కపోతే 28 రోజులదే కొడ్తరు. అత్తమ్మ ఫోనుకు ఏ కంపెనీ సిమ్ ఉందో చెప్పండి, ఏ ప్యాకో చూసి రాస్తా. రీచార్జ్ ఎక్కడ చేయించుకున్నా పర్లేదు.

పాలమూరు టు పన్వేల్

ఈ 30 రోజుల మాట ఇక్కడ సైట్‌లో చెప్తా. కూలీ నెలకు ఒకసారి వస్తది, ప్లాను ముందే అయిపోతే ఆ రెండు మూడు రోజులు ఇంటికి ఫోన్ ఉండదు.

క్లాక్‌టవర్ కామర్స్

అందరికీ ఒక విన్నపం. మా పిల్లలు ఈసారి ప్రాజెక్టు పనిగా మన జిల్లాల్లోని ప్రకటనలు సేకరిస్తారు. మీకు కనపడిన ఫ్లెక్సీ, పాంప్లెట్, పేపర్ ప్రకటన, వాగ్దానం తెలుగులో ఉండి షరతు ఇంగ్లీషులో ఉన్నది, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. ఊరు, తేదీ రాయండి. చిన్న అక్షరాలు చదివేలా దగ్గరగా ఒకటి, మొత్తం కనపడేలా ఒకటి. పిల్లలతో కలిసి ఆస్కీకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాం, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేస్తాం. ఏ కంపెనీ అన్నది చూడం, దొరికినవన్నీ పంపుతాం.

గోడ మీద రంగు

కల్వకుర్తి బస్టాండు నుంచి మొదలుపెడతా సార్. వెల్దండ, ఆమనగల్లు రోడ్డు కూడా నాదే. ఏ మలుపులో ఏ ఫ్లెక్సీ ఉంటుందో నాకు తెలుసు.

అమ్రాబాద్ గుట్ట

మన్ననూరు సెంటర్‌లో ఒకటుంది. ఫొటో రేపు తీస్తా. అప్‌లోడ్ మాత్రం అచ్చంపేటకు వచ్చినప్పుడే, ఇక్కడ నెట్ అందదు.